‘పై’లో అన్ని ప్రధాన సంఖ్యలూ ఉన్నాయని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధం విద్యార్థుల పేజీలో, ‘పై’ దశాంశాల్లో దాగిన ప్రధాన సంఖ్యల మీద వ్యాసం వేసినందుకు సంతోషం. పిల్లలు కాగితం మీద చేసి చూడగల విషయమిది. కానీ అందులో ఒక మాట సరిదిద్దక తప్పదు. ‘పై’ కరణీయ సంఖ్య, దాని దశాంశాలకు అంతమూ లేదు, ఆవర్తనమూ లేదు, కాబట్టి ప్రతి ప్రధాన సంఖ్యా అందులో ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుందని రాశారు. ఆ ‘కాబట్టి’ నిలవదు. రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి గణితం వాస్తవ సంఖ్యలతోనే మొదలవుతుంది. ఆ పాఠం చదివే పిల్లలు ఈ వాదనను నమ్మితే తర్వాత దాన్ని మరిపించడం కష్టం.

ఎందుకు నిలవదో చూడండి. 0.101001000100001... అనే సంఖ్యను తీసుకుందాం. ఒక్కో ఒకటికీ తర్వాతి ఒకటికీ మధ్య సున్నాలు ఒకటి చొప్పున పెరుగుతూ పోతాయి. దీనికి అంతం లేదు, ఆవర్తనం లేదు, ఇది నూటికి నూరుపాళ్లు కరణీయ సంఖ్య. ఇందులో 2 లేదు, 3 లేదు, 7 లేదు. రెండు ఒకట్లు పక్కపక్కన ఎప్పుడూ రావు కనుక 11 కూడా లేదు. 101 ఒకే ఒక్కసారి, మొదట్లోనే వస్తుంది. అంటే కరణీయ సంఖ్య అయినంత మాత్రాన అన్ని అంకెల వరుసలూ అందులో ఉండాలన్న నియమం లేదు.

అన్ని వరుసలూ ఉండాలంటే ఇంకా బలమైన లక్షణం కావాలి. పది అంకెలూ సమాన వాటాలో, వంద జంటలూ సమాన వాటాలో, ఆపైన ఎంత పొడుగు వరుసైనా తన వంతు వాటాలో కనిపించాలి. ఎమిల్ బోరెల్ 1909లో చూపించింది ఏమిటంటే, కొలత దృష్ట్యా చూస్తే వాస్తవ సంఖ్యలు దాదాపు అన్నీ ఇలాంటివే. అయితే ‘పై’కి గానీ, 2.71828... అని సాగే ఆయిలర్ సంఖ్యకు (e) గానీ, రెండు వర్గమూలానికి గానీ ఈ లక్షణం ఉందని నేటికీ రుజువు లేదు. అంతెందుకు, ‘పై’ దశాంశాల్లో 7 అనే ఒక్క అంకె అనంతంగా వస్తూనే ఉంటుందన్న చిన్న మాటకే రుజువు లేదు. 2024లో 202 లక్షల కోట్ల అంకెల దాకా లెక్కగట్టారు. అంత దూరం వరకూ పది అంకెలూ సమానంగానే పంచుకున్నట్టు కనిపిస్తాయి. అది బలమైన ఆధారమే గానీ రుజువు కాదు.

రుజువున్న సంఖ్యలూ ఉన్నాయి. వాటిని మీ వ్యాసం వదిలేసింది, నాకు అదే ఎక్కువ వెలితిగా అనిపించింది. సహజ సంఖ్యలను వరుసగా అంటించి 0.123456789101112... అని రాస్తే వచ్చే సంఖ్యకు ఆ లక్షణం ఉందని చాంపర్‌నౌన్ 1933లో నిరూపించాడు. అన్నామలై విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎస్.ఎస్. పిళ్ళై 1939, 1940ల్లో ఇదే అంశం మీద రెండు పత్రాలు రాశారు. ప్రధాన సంఖ్యలనే వరుసగా అంటిస్తే 0.2357111317192329... వస్తుంది. కోప్‌లాండ్, ఎర్డోష్ 1946లో దీనికీ అదే లక్షణం ఉందని చూపించారు. ప్రతి ప్రధాన సంఖ్యా ఇందులో ఉందని చెప్పడానికి ఏ రుజువూ అక్కర్లేదు, కట్టిన తీరులోనే ఉంది. దీన్ని ప్రధాన సంఖ్యల సరిహద్దుల దగ్గర మాత్రమే కోస్తూ పోతే 2, 23, 2357 ప్రధానాలు. ఆ తర్వాతి ప్రధానం 719 దగ్గర ఆగుతుంది, దానికి ఏకంగా 355 అంకెలు. చాంపర్‌నౌన్ సంఖ్య మొదటి పది అంకెలు 1234567891, అదీ ప్రధానమే. పిల్లలకు చెప్పాల్సింది ఇలాంటివి.

మీ వ్యాసం రెండు వేర్వేరు ప్రశ్నలను కూడా కలిపేసింది. దశాంశాల మధ్యలో ఎక్కడైనా పక్కపక్కనున్న పది అంకెల ముక్క ప్రధానమా అన్నది ఒకటి. మొదటి అంకె నుంచి మొదలుపెట్టి ఎక్కడ కోస్తే ప్రధానం వస్తుంది అన్నది మరొకటి. మొదటిది ఇంట్లో చేసుకోవచ్చు. రెండోది త్వరలోనే కంప్యూటర్లను కూడా అలసిపోయేలా చేస్తుంది.

మొదటి ప్రశ్నకు లోకమంతా తెలిసిన ఉదాహరణ 2004లో అమెరికాలోని సిలికాన్ వ్యాలీలో 101వ నంబరు రహదారి పక్కన వెలిసిన హోర్డింగు. ఆయిలర్ సంఖ్యలో పక్కపక్కన వచ్చే అంకెల్లో మొట్టమొదటి పది అంకెల ప్రధాన సంఖ్య ఏదో కనుక్కుని, దాని వెనక డాట్ కామ్ చేర్చమని ఉందంతే, కంపెనీ పేరు లేదు. ఉద్యోగులను వెతకడానికి గూగుల్ పెట్టిన ప్రశ్న అది. జవాబు 7427466391. ఆ పేజీకి వెళ్లినవారికి ఇంకో లెక్క ఎదురైంది: 7182818284, 8182845904, 8747135266, 7427466391 తర్వాత ఐదోది ఏమిటి? ఇవన్నీ అదే సంఖ్యలోని ముక్కలు, ప్రతిదానిలో అంకెల మొత్తం 49. ఐదోది 5966290435.

7427466391 ఎక్కడ మొదలవుతుందో చెప్పేటప్పుడు మీ వ్యాసంలో 100వ స్థానం అని రాశారు. దశాంశ బిందువు తర్వాత లెక్కపెడితే అది 99వ స్థానం. ముందున్న 2ను కూడా కలిపితేనే 100 అవుతుంది. ఎక్కడి నుంచి లెక్కించారో చెప్పకపోతే, సరిగ్గా చేసిన పిల్లాడు తనదే తప్పనుకుంటాడు.

ఇంట్లో చేసే పద్ధతి ఇది. ముందు అంకెలు కావాలి. 1 పక్కన 130 సున్నాలు పెట్టి, దాన్ని 1తో, వచ్చిన భాగఫలాన్ని 2తో, ఆ వచ్చినదాన్ని 3తో, ఇలా వరుసగా భాగిస్తూ, శేషం వదిలేసి, వచ్చిన ప్రతి భాగఫలాన్నీ మొదటి సంఖ్యకు కూడుతూ పోవాలి. 85 దగ్గర భాగఫలం ఇంకా రెండంకెల్లో ఉంటుంది, 86 దగ్గర సున్నా అయిపోతుంది. ఆగాలి. ఒక్కో భాగహారంలో చివరి స్థానంలో పోయేది ఒకటి కన్నా తక్కువ, అన్నీ కలిపినా 85 దాటదు. కాబట్టి చివరి పది అంకెలు కొట్టేస్తే మిగిలిన 120 దశాంశాలు నమ్మదగినవి. ఆ కొట్టేసిన చోట వరుసగా తొమ్మిదులు తగిలితే మాత్రం 140 సున్నాలతో మళ్లీ చేసి రెండింటినీ పోల్చుకోవాలి. అసలు పోల్చుకోవడం ఎప్పుడూ మంచిదే.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కంప్యూటర్‌లో సిద్ధంగా ఉండే ఆయిలర్ విలువను తీసుకుని 10తో వందసార్లు హెచ్చిస్తే వంద దశాంశాలు వస్తాయనుకుంటారు. ఆ విలువలో సరైనవి 15 దశాంశాలే. నిజమైన అంకెలు 2.718281828459045 తర్వాత 2353602874 అని సాగితే, కంప్యూటర్ దాచుకున్న సంఖ్య అక్కడి నుంచి 0907955982 అని సాగుతుంది. ‘పై’ విషయంలోనూ అంతే, 3.141592653589793 తర్వాత నిజం 238, కంప్యూటర్‌ది 115. తెర మీద అంకెలు బారులు తీరి కనిపిస్తాయి కాబట్టి అనుమానం రాదు. ఆ అంకెల్లో ప్రధానం దొరికినా అది ఆయిలర్ సంఖ్యలోది కాదు. ఎక్సెల్ అయితే 15 అంకెలు దాటిన ప్రతి అంకెనూ సున్నా చేసేస్తుంది. పూర్ణ సంఖ్యలతోనే చేయాలి. పైథాన్‌లో పూర్ణ సంఖ్యకు హద్దు లేదు, కాకపోతే కొత్త రూపాల్లో 4300 అంకెలు దాటిన సంఖ్యను అంకెల వరుసగా మార్చమంటే నిరాకరిస్తుంది. ఆ పరిమితిని పెంచుకోవాలి.

ఇప్పుడు జల్లెడ. ముక్క చివర 1, 3, 7, 9 కాకుండా ఇంకేమున్నా వదిలేయాలి. మొదట సున్నా ఉన్న ముక్క పది అంకెల సంఖ్యే కాదు, దాన్నీ వదిలేయాలి. ప్రోగ్రాం రాసేవారు దీన్ని మరిచిపోతే ఆ ముక్క తొమ్మిది అంకెల సంఖ్యగా మారి, ప్రధానమైతే దొంగదారిన లోపలికి వస్తుంది. తర్వాత అంకెల మొత్తం చూసి 3తో భాగించబడేవి తీసేయాలి. ప్రతిసారీ పది అంకెలూ కూడనక్కర్లేదు, వెళ్లిపోయిన అంకెను తీసేసి కొత్తగా వచ్చిన అంకెను కలిపితే చాలు. 7, 11, 13లకు ఒకే దెబ్బలో పరీక్ష ఉంది: సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి ఒకదాన్ని కూడి, తర్వాతి దాన్ని తీసేస్తూ పోవాలి. 18వ దశాంశం దగ్గర మొదలయ్యే 5360287471ని చూడండి. 471 నుంచి 287 తీసేసి, 360 కూడి, 5 తీసేస్తే 539. అది 7తోనూ 11తోనూ భాగించబడుతుంది. కాబట్టి పెద్ద సంఖ్య కూడా అంతే, 77 పెట్టి 69614123 హెచ్చిస్తే సరిగ్గా అదే వస్తుంది.

2 నుంచి మొదలయ్యే ముక్కతో కలిపి 18వ దశాంశం దాకా 19 ముక్కలున్నాయి. వాటిలో ఈ పరీక్షలన్నీ దాటి నిలిచేవి మూడే: 8281828459, 4590452353, 5235360287. మధ్యదాన్ని 17 పడగొడుతుంది. మిగతా రెండూ ప్రధానాలు కావు గానీ వాటి భాజకాలు ఇంకా పెద్దవి. ఈ మూడింటి దగ్గరే పిల్లలకు అసలు రుచి తెలుస్తుంది: సూత్రాలతో తేలేది ఎంత, ఆపైన ఓపికతో తేల్చాల్సింది ఎంత అని.

7427466391 ప్రధానమేనని తేల్చాలంటే దాని వర్గమూలం వరకూ, అంటే 86182 వరకూ ఉన్న ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించి చూడాలి. అవి 8 వేల పైచిలుకు. కంప్యూటర్‌కు రెప్పపాటు పని, మనిషికి వారాల పని. దగ్గరి దారి మిల్లర్, రాబిన్ పరీక్ష. ఆ సంఖ్యలో ఒకటి తీసేసి సగం చేస్తే 3713733195, అది బేసి. 2ను అన్నిసార్లు హెచ్చించి 7427466391తో భాగిస్తే శేషం 1 గానీ, భాజకం కన్నా ఒకటి తక్కువ గానీ రావాలి. నిజంగా అన్నిసార్లు హెచ్చించక్కర్లేదు, 31 సార్లు వర్గం చేస్తూ, మధ్యలో అవసరమైన చోట 2తో హెచ్చిస్తూ, ప్రతి అడుగులో శేషం ఉంచుకుంటే సరిపోతుంది. ఆధారంగా 2తో పాటు 3, 5, 7, 11లను కూడా వాడాలి. చాలా చోట్ల 2, 3, 5, 7 చాలునని రాస్తారు. పది అంకెల సంఖ్యలకు అది చాలదు, ఎందుకంటే ఆ నాలుగింటినీ మోసం చేసే మొదటి సంఖ్య 3215031751, దానికీ సరిగ్గా పది అంకెలే. అది 151, 751, 28351ల లబ్ధం. 11ను చేర్చితే 2 లక్షల కోట్లు దాటేవరకూ భయం లేదు. ఇంకో జాగ్రత్త: పది అంకెల సంఖ్యను వర్గం చేస్తే 19, 20 అంకెలు వస్తాయి. సీ, జావా భాషల్లో 64 బిట్ల పూర్ణ సంఖ్య 9223372036854775807 దగ్గరే, అంటే 19 అంకెల్లోనే నిండిపోతుంది. దోషం ఏమీ చూపించకుండా శేషాన్ని తప్పుగా ఇస్తుంది, ప్రధానాన్ని కాదంటుంది.

ఈ లెక్క చేసినవారికి కలిగే సందేహం ఒకటుంది: 99వ స్థానం దాకా ఎందుకు పోవాల్సి వచ్చింది? 900 కోట్ల పది అంకెల సంఖ్యల్లో 40,42,04,977 ప్రధానాలున్నాయి, అంటే ఇంచుమించు 22కి ఒకటి. ఆయిలర్ సంఖ్యలో ఆ స్థానానికి ముందు సున్నాతో మొదలుకాని ముక్కలు 94 ఉన్నాయి. అవన్నీ తప్పిపోయే అవకాశం నూటికి ఒకటిన్నర కన్నా తక్కువ. ఆ హోర్డింగు పెట్టినవారు ఎంచుకున్న సంఖ్య కలిసొచ్చింది, కొంచెం పని పెట్టింది. ‘పై’ని అడిగి ఉంటే 4వ దశాంశం దగ్గరే 5926535897 దొరికేది. మీ పేజీలో పిల్లలకు మొదట ‘పై’ ఇచ్చి, తర్వాత ఆయిలర్ సంఖ్య ఇస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

రెండో ప్రశ్నకు వద్దాం. ‘పై’ని మొదటి నుంచి కోస్తే 3, 31 ప్రధానాలు. 314 సరి సంఖ్య, 3141లో అంకెల మొత్తం 9, 31415 చివర 5. 314159 ప్రధానం. ఆ తర్వాత 38 అంకెల దాకా ఏమీ లేదు. అప్పుడు వస్తుంది 31415926535897932384626433832795028841. దీని వర్గమూలానికే 19 అంకెలు, భాగించుకుంటూ కూర్చునే పని కాదు. ఆపైన 16208 అంకెల దగ్గర గానీ మరొకటి లేదు, అది 2001లో బయటపడింది. 47577, 78073 అంకెలవి 2006లో, 613373 అంకెలది 2016లో దొరికాయి. ఆయిలర్ సంఖ్యలో 2, 271, 2718281, తర్వాత 85 అంకెలది, ఆపైన 1781, 2780, 112280, 155025 అంకెలవి. రెండు వర్గమూలం మరీ పంతం పట్టింది, దాని మొదటి ప్రధానానికే 55 అంకెలు. బంగారు నిష్పత్తి ఉదారం: 1618033 ప్రధానం, 1618033988749 కూడా ప్రధానమే.

ఈ ఖాళీలు వింతగా కనిపిస్తాయి గానీ వింత కాదు. అంకెల సంఖ్యను 2.3026తో హెచ్చిస్తే ఎంత వస్తుందో, ఆ పొడుగున్న సంఖ్య ప్రధానమయ్యే అవకాశం సుమారుగా అన్నింటిలో ఒకటి. 1000 అంకెలకు 2303లో ఒకటి. వీటిని కూడుతూ పోతే 1 నుంచి 10 అంకెల మధ్య ఒకటి, 10 నుంచి 100 మధ్య ఒకటి, 100 నుంచి 1000 మధ్య ఒకటి, ఇలా ప్రతి పదిరెట్లకూ ఒక్కటే ఆశించాలి. ‘పై’లో ఆ మెట్లలో దొరికినవి వరుసగా 3, 1, 0, 0, 3, 1. ఆరు మెట్లలో ఆరు రావాల్సింది ఎనిమిది వచ్చాయి. మొత్తం మీద అంచనాకు దగ్గరే. ఈ లెక్క ప్రకారం ఇలాంటి ప్రధానాలు అనంతం, అయితే ఇదీ అంచనాయే, రుజువు కాదు.

మీ వ్యాసం 613373 అంకెల సంఖ్యను నిరూపితమైన ప్రధానం అంది. అది సంభావ్య ప్రధానం, అంటే మిల్లర్, రాబిన్ తరహా పరీక్షలన్నీ నెగ్గిన సంఖ్య. ఆ పరీక్ష ఓడిందంటే సంయుక్త సంఖ్య అని ఖాయం, నెగ్గిందంటే ప్రధానమని దాదాపు ఖాయం. ఆ ‘దాదాపు’ను తీసేయాలంటే వేరే రుజువు కావాలి. 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సంఖ్యకైనా అనుమానం మిగలకుండా, అంకెల సంఖ్యతో పోలిస్తే అదుపులో ఉండే సమయంలో తేల్చే పద్ధతి కనుక్కున్నారు. మన దేశం గర్వించాల్సిన ఫలితం అది. ఆచరణలో పెద్ద సంఖ్యలకు మాత్రం దీర్ఘవృత్తీయ వక్రాలతో చేసే రుజువునే వాడతారు, అది వేగంగా నడుస్తుంది. దానికైనా 6 లక్షల అంకెలు చాలా పెద్ద బరువు. 16208 అంకెల సంఖ్యకైనా సంభావ్య పరీక్ష ఒక్కసారి నడపాలంటే ఇంచుమించు 54 వేల సార్లు వర్గం చేయాలి, ప్రతిసారీ ఆ 16208 అంకెల సంఖ్యతోనే భాగించాలి.

అందుకే వెతికేవారు ముందుగా చిన్న ప్రధానాలతో జల్లెడ పడతారు. ఇందులో ఒక చక్కటి సులువుంది. కొత్త అంకె చేరినప్పుడు పాత శేషాన్ని 10తో హెచ్చించి ఆ అంకెను కూడి మళ్లీ శేషం తీస్తే చాలు, మొత్తం సంఖ్యను తాకనక్కర్లేదు. 7 విషయంలో ‘పై’కి శేషాలు 3, 3, 6, 5, 6, 6 అని వస్తాయి. ఆరో తరగతి విద్యార్థి పలక మీద చేయగలడు, లక్షల అంకెల వేటలో కంప్యూటర్లు చేసేదీ ఇదే.

మీ తర్వాతి సంచికలో ఆ వాక్యాన్ని ఇలా సవరించి వేయమని కోరుతున్నాను: ‘పై’ దశాంశాల్లో ప్రతి ప్రధాన సంఖ్యా ఉంటుందని గణితజ్ఞులు నమ్ముతున్నారు, ఇంకా నిరూపణ కాలేదు. 613373 అంకెల సంఖ్య పక్కన ‘సంభావ్య ప్రధానం’ అని చేర్చండి. ఇలాంటి పజిల్ మళ్లీ వేసినప్పుడు దశాంశ బిందువు తర్వాతి నుంచి లెక్కించాలా, ముందున్న అంకెను కలుపుకోవాలా, సున్నాతో మొదలయ్యే ముక్కలు చెల్లుతాయా అన్నవి ప్రశ్నలోనే రాయండి. అంకెలు పాఠకులే లెక్కగట్టాలంటే 130 సున్నాల పద్ధతిని పక్కన ఒక చిన్న పెట్టెలో వేయవచ్చు. అచ్చులో అంకెల వరుసను పదేసి అంకెలుగా విడగొట్టి ఇస్తే దిద్దుబాటులో జారిపోయే అంకె వెంటనే పట్టుబడుతుంది. మొన్నటి వ్యాసంలో అంకెలన్నీ కలిపి కుట్టేశారు, ఒక్క అంకె పోతే ఆ తర్వాతి ముక్కలన్నీ తప్పుతాయి.

ఇట్లు,
ఒక గణిత అధ్యాపకుడు